పాత కారు, భీమా సొమ్ము: మన లెక్క మనమే వేసికొనవలెను

గతవారపు సంచికలో ఒక సోదరుడు వ్రాసిన లేఖను పాఠకులు చదివియే యుందురు. ఆయన కారు తొమ్మిదేండ్లది. హోసూరు రోడ్డుపై ముందు పోవుచున్న లారీకి తగిలి ముందుభాగము నుగ్గైనది. మరమ్మతునకు 90,000 రూపాయలు కావలెనని కంపెనీ వర్కుషాపువారు చెప్పిరట. ఇంటివారు సందేహింపగా ఆ సోదరుడు, “పాలసీ యున్నది గదా! తొమ్మిదేండ్లు ప్రీమియము కట్టితిని. నా సొమ్ము నేను రాబట్టుకొనక ఏల విడువవలెను?” అని వారిని గద్దించి, మనకందరకును అదే హితవు చెప్పియున్నాడు.

ఆయన యుద్దేశము మంచిదే. కాని ఆ హితవు మంచిది కాదు. దానిని నమ్మి మన కుటుంబములు ఏటేట నష్టపోవుచున్నవి. చెన్నపురిలో గాని, బెంగుళూరులో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని మనవారు కారు కొనునపుడు నూరు విధముల బేరమాడుదురు. అదే కారు దెబ్బతిన్నప్పుడు మాత్రము వర్కుషాపు గుమాస్తా చూపిన చోట సంతకము చేసి వత్తురు. కొనునాడు చూపిన తెలివి చెడిన నాడు ఏమైపోవుచున్నది? ఆ సోదరుని వాక్యములో మూడు భ్రమలు కలవు. ఒక్కొక్కదానినే విప్పి చూతము.

మొదటి భ్రమ: కట్టిన ప్రీమియము మన దాచుకొన్న సొమ్మనుట. ప్రీమియము పోస్టాఫీసు పొదుపు కాదు. అది కావలివాని జీతము వంటిది. ఏడాది పొడవున దొంగ రాలేదని కావలివాని జీతము తిరిగి అడుగువాడు కలడా? ఆపద రాని సంవత్సరములకు గాను కంపెనీ మనకు తిరిగి యిచ్చునది ఒక్కటే; అది నో క్లెయిం బోనసు. క్లెయిం లేక గడచిన తొలి యేటికి 20 శాతము, పిదప వరుసగా 25, 35, 45 శాతములు, అయిదవ యేటికి 50 శాతము చొప్పున స్వంత నష్టపు ప్రీమియములో తగ్గింతురు. ఒక్క క్లెయిం చేసితిమా, అది సున్నకు దిగును. తప్పు మనది గాకపోయినను దిగును. “నా సొమ్ము రాబట్టుకొందును” అని బయలుదేరినవాడు, నిజముగా తనకు రావలసియున్న ఆ యొక్క సొమ్మును చేజేతుల పారవేసికొనుచున్నాడు.

లెక్క చూడుడు. కంపెనీ రాయితీలు పోను, బోనసుకు ముందు స్వంత నష్టపు ప్రీమియము 4,000 రూపాయలనుకొందము. 50 శాతము బోనసు గలవాడు 2,000 కట్టును. క్లెయిం చేసిన మరుసటి యేట 4,000, ఆ పై వరుసగా 3,200, 3,000, 2,600, 2,200 కట్టి, ఆరవ యేట గాని మరల 2,000కు చేరడు. ఈ అయిదేండ్లలో అదనముగా కట్టునది 5,000 రూపాయలు. ఇది బిల్లులో కనబడని ఖర్చు. ఇంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. ఆ బోనసు కారునకు చెందినది కాదు, యజమానికి చెందినది. పాత కారు అమ్మి, కంపెనీవద్ద ధ్రువపత్రము తీసికొన్నచో మూడేండ్లలోపు కొను క్రొత్త కారునకు దానిని వర్తింపజేసికొనవచ్చును. 8,00,000 విలువగల క్రొత్త కారునకు పాత టారిఫ్ రేటున స్వంత నష్టపు ప్రీమియము సుమారు 25,000 అగును. అందులో సగము 12,500. త్వరలో కారు మార్చదలచినవాడు పాత బండి బంపరు కొరకు ఈ హక్కును పోగొట్టుకొనుట అవివేకము గాదా?

బంపరు ముచ్చట వచ్చినది గనుక దానినే తూకము వేయుదము. బంపరు 5,000, రంగు 3,000, కూలి 1,000. మొత్తము 9,000 బిల్లు. బంపరు ప్లాస్టికు గనుక సగమే యిత్తురు. రంగు పనిలో నాలుగవ వంతు సరకు ఖర్చుగా నెంచి, అందులో సగము కోయుదురు. ఆ కోత 375. కూలి పూర్తిగా నిత్తురు. పిదప తప్పనిసరి మినహాయింపు 1,000 పోవును. 1500 సి.సి. దాటని కారునకు ఈ మినహాయింపు 1,000, దాటినదానికి 2,000. కంపెనీ యిచ్చునది తుదకు 5,125 రూపాయలు. మనము బోనసు రూపమున పోగొట్టుకొనునది 5,000. లాభము 125 రూపాయలు! దీనికొరకు నాలుగు దినములు పని మానుకొని తిరుగుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుట గాక మరేమి?

రెండవ భ్రమ: పాలసీ కారును బాగుచేయించుననుట. పాలసీ కారును బాగుచేయించదు. బిల్లులో కొంత భాగము చెల్లించును. ఆ భాగమెంతయో కారు వయస్సు నిర్ణయించును. లోహపు భాగములకు ఆరు నెలలలోపు కోత లేదు; ఏడాదిలోపు 5 శాతము, రెండేండ్లలోపు 10, మూడేండ్లలోపు 15, నాలుగేండ్లలోపు 25, అయిదేండ్లలోపు 35, పదేండ్లలోపు 40, పదేండ్లు దాటిన పిదప 50 శాతము తరుగుదల కోయుదురు. రబ్బరు, ప్లాస్టికు, టైర్లు, బ్యాటరీ, గాలిసంచులకు వయస్సుతో పని లేక సగము. ఫైబరు గ్లాసు భాగములకు 30 శాతము. అద్దములకు కోత లేదు. ఈ కోత లేకుండ చేయు జీరో డిప్రిసియేషన్ రక్షణ కలదు గాని దానిని సామాన్యముగా అయిదేండ్ల లోపు కార్లకే యిత్తురు. ఆ పై వయస్సు కారునకు దొరకిన చోట వెల హెచ్చు.

ఇందులో కొంత న్యాయము కలదని ఒప్పుకొందును. తొమ్మిదేండ్ల తలుపు పోయి క్రొత్త తలుపు వచ్చినపుడు వ్యత్యాసము యజమాని భరింపవలసినదే. కాని నిన్న కొన్న కారు బంపరునకు సగమే యిత్తుమనుట ఏ న్యాయము? 2002 నాటి మోటారు టారిఫ్ లో వ్రాసిన పట్టిక యిది. 2007లో రేట్లకు కట్టుబాటు తొలగించి కంపెనీలకు స్వేచ్ఛ నిచ్చిరి. కోతల పట్టిక మాత్రము పాలసీలలో అట్లే నిలిచినది. నేటి కార్లలో ముందు వెనుకల బంపర్లు, జాలీ, దీపముల గూళ్లు అన్నియు ప్లాస్టికే. కారు మారినను పట్టిక మారలేదు. ఆ తేడా మన జేబునుండి పోవుచున్నది. కంపెనీలతో పోరాడదలచినవారు పోరాడవలసిన చోటిది.

ఇక మన సోదరుని 90,000 బిల్లునకు వత్తము. ఆయన వివరములు వ్రాయలేదు గనుక నేనొక నమూనా వేయుచున్నాను. లోహపు భాగములు 30,000, ప్లాస్టికు, రబ్బరు భాగములు 24,000, అద్దము 6,000, రంగు 16,000, కూలి 14,000. మొదటిదానిలో 40 శాతము కోత 12,000. రెండవదానిలో సగము 12,000. రంగులో 2,000. మినహాయింపు 1,000. యజమాని చేతినుండి పోవునది 27,000. కంపెనీ యిచ్చునది 63,000. బోనసు నష్టము 5,000 కలిపినచో 32,000. సర్వేయరు అంగీకరింపని పనులు, బిల్లుపై పన్నులో మన వంతు ఇంకను వేరు. “పాలసీ యున్నది గదా” అను మాటకు వెల ఇది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే కారును నమ్మకమైన షెడ్డులో, మార్చవలసినవానిని మార్చి, సాగగొట్టి సరిచేయదగినవానిని సరిచేసి 32,000 లోపున బాగుచేయగలరా? చేయగలిగినచో క్లెయిం అనవసరము. చేయలేరందురా, అప్పుడు క్లెయిం చేయుడు. కంపెనీ వర్కుషాపులో రేకు వంగిన మార్చుదురు. షెడ్డులో సుత్తితో సరిదిద్దుదురు. చెన్నపురి పుదుప్పేట వంటి అంగళ్లలో పాత భాగములు దొరకును. అయితే ఒక హెచ్చరిక: స్టీరింగు, బ్రేకులు, చాసిసు, గాలిసంచులు, నడుముపట్టీలు—వీనియందు పాత సరకు, చవక పని పనికిరాదు. పొదుపు రేకు మీద చేయవలెను గాని ప్రాణము మీద కాదు.

మూడవ భ్రమ అన్నిటికన్న ప్రమాదకరమైనది: కాగితముపై నున్న విలువయే కారు విలువయనుట. పాలసీలో ఐ.డి.వి. యను నొక సంఖ్య యుండును. కారు పూర్తిగా పోయినచో కంపెనీ యిచ్చు మొత్తమునకు అదియే హద్దు. క్రొత్త ధరపై ఆరు నెలలు దాటి ఏడాదిలోపు 15 శాతము, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 శాతము తగ్గింపుతో దానిని కట్టుదురు. అయిదేండ్లు దాటిన పిదప పట్టిక లేదు. కంపెనీయు యజమానియు ఒప్పుకొన్నదే విలువ. చూచితిరా! పాత కారు యజమానికి చట్టము బేరమాడు హక్కు నిచ్చినది. మనలో నెందరు బేరమాడితిరి? “విలువ తగ్గించిన ప్రీమియము తగ్గును సార్” అని ఏజెంటు చెప్పగానే సరేయనినవారే హెచ్చు.

ఆ “సరే” ఖరీదెంతయో వినుడు. బజారులో 2,00,000 పలుకు కారునకు విలువను 80,000గా వ్రాయించితిరనుకొనుడు. పాత టారిఫ్ ప్రకారము పెద్ద నగరములలో 1000 సి.సి. దాటని, అయిదేండ్లు దాటి పదేండ్లలోపు కారునకు రేటు 3.283 శాతము. 1,20,000 తగ్గించినందుకు మిగులునది సుమారు 3,940. సగము బోనసు గలవానికి 1,970. కంపెనీ రాయితీలు పోయిన ఇంకను తక్కువ. పాలసీ షరతులకు లోబడి లెక్కించిన మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతము మించినచో కారు పూర్తిగా నష్టమైనట్లు ఎంచుదురు. 80,000లో 75 శాతము 60,000. పైన చెప్పిన 90,000 బిల్లు కోతలకు ముందు చూచినను, కోతల పిదప చూచినను ఆ గీత దాటును. అప్పుడు కంపెనీవారు 79,000 చేతిలో పెట్టి బండిని తీసికొందురు. రెండువేలు మిగుల్చుకొనబోయి 1,21,000 పోగొట్టుకొన్నట్లైనది. బండిని మీరే యుంచుకొందురా, వేలములో దానికి వచ్చిన ధరను ఆ 79,000లో తగ్గింతురు.

మితిమీరి పెంచుటయు మేలు కాదు. అదే కారునకు 3,00,000 వ్రాయించినచో 75 శాతము గీత 2,25,000కు పోవును. బజారు విలువను మించిన మరమ్మతు వచ్చినను అది పూర్తి నష్టము కాజాలదు. బాగుచేయించుటకు తగని బండిని బాగుచేయించుకొనుడని కూర్చుందురు. కావున పాలసీ మార్చు నాడే బజారులో అట్టి కారు ఎంతకు పోవుచున్నదో నలుగురిని విచారించి, ఆ విలువనే వ్రాయింపవలెను. కారు బాగుచేయవలెనా, విడువవలెనా అను నిర్ణయములో సగము ప్రమాదము జరుగక మునుపే జరిగిపోవుచున్నదని గ్రహింపుడు.

వరద కార్ల సంగతి వేరుగా చెప్పవలెను. గోపాలపురమువద్ద తీరము దాటిన 2013 అక్టోబరు తుపాను, చెన్నపురిని ముంచిన 2015, 2023 డిసెంబరు వానలు, బెంగుళూరు బెళ్లందూరు ప్రాంతమును ముంచిన 2022 సెప్టెంబరు వానలు, అదే యేటి జూలైలో యానాము చేరిన గోదావరి వరద—ఇవన్నియు మనవారి వాకిళ్లలోనికి వచ్చినవే. వరద నష్టము స్వంత నష్టపు పాలసీలో చేరినదే. కాని నీటిలో నిలిచిన కారును “కదలునేమో” యని తాళము త్రిప్పినచో సిలిండరులోనికి నీరు పోయి కనెక్టింగు రాడ్డు వంగును. అది వరద నష్టము కాదు, పర్యవసాన నష్టమని కంపెనీలు త్రోసిపుచ్చును; ఇంజను రక్షణ వేరుగా కొన్నవానికే దానికి దారి. నీరు దిగువరకు తాళము ముట్టరాదు. బ్యాటరీ తీగ తీయించి, ఫొటోలు తీసి, బండిని లాగించి తీసికొనిపోవలెను. సీట్లు దాటి నీరెక్కిన పదేండ్ల బండిని బాగుచేయించుటకు నేను ఒప్పను. తీగలలోని తడి ఆ నాటితో పోదు. యజమానిని ఏండ్ల తరబడి ఏడిపించును.

మన కుటుంబములకే ప్రత్యేకమైన గోతి యొకటి కలదు. బావగారు అనంతపురములో కారు మార్చుచు పాతది హోసూరులోని చెల్లెలింటికి పంపుదురు. చిత్తూరు మేనమామ తన బండిని వేలూరు మేనల్లునకిచ్చును. బంధువులలో పత్రములెందుకని ఆర్.సి. పాత పేరనే యుండును. నేనెరిగిన ఒక కుటుంబము అట్లే నాలుగేండ్లు నడిపినది. ప్రీమియము తప్పక కట్టినది. ప్రమాదము జరిగినపుడు క్లెయిం త్రోసివేసిరి. కోపించి లాభము లేదు. చట్టము ఆ కంపెనీ వైపుననే యున్నది. వాహనము చేతులు మారినపుడు మూడవ వ్యక్తుల రక్షణ మాత్రమే తనంత తాను క్రొత్త యజమానికి సంక్రమించును. స్వంత నష్టపు రక్షణ సంక్రమింపదని సుప్రీంకోర్టు కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో 1995 నాటి తీర్పున చెప్పినది. పేరు మార్పునకు 14 దినములలో కంపెనీకి వ్రాయవలెను. వేరొక రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి యుంచుకొన్నచో ఇక్కడి రిజిస్ట్రేషను తీసికొనవలెను. సరిహద్దుకు అటునిటు చుట్టరికము గలవారము మనము; ఇతరులకన్న మనకే ఈ జాగ్రత్త హెచ్చుగా కావలెను.

పూర్తి నష్టముగా తేల్చి బండిని వదలుకొన్నవారు సైతము నిద్రపోరాదు. పనికిరాని వాహనమును గూర్చి 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. తుక్కు కొన్నవాడు బండిని లేపి నడిపినచో, ఆర్.సి.లో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసున తీర్చినది. బండి పోయినను పేరు మిగిలినచో ఆపద పోలేదన్నమాట.

ఇంతకును నిర్ణయించుట యెట్లు? నా మతము సూటిగా చెప్పుచున్నాను. ప్రమాదమునకు ముందు కారు బజారు విలువ ఒకటి. క్లెయిం చేసినచో బోనసు నష్టముతో సహా మన చేతి ఖర్చు రెండు. క్లెయిం లేక షెడ్డులో అగు ఖర్చు మూడు. ఏడాదిలో తప్పని టైర్లు, క్లచ్చి, పదునైదేండ్లు నిండినచో 2022 ఏప్రిలు నుండి 5,000కు పెంచిన రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము మున్నగునవి నాలుగు. రెండు మూడు సంఖ్యలలో చిన్నదానికి నాలుగవది కలుపుడు. ఆ మొత్తము బజారు విలువలో మూడవ వంతు దాటనిచో బాగుచేయింపుడు. సగము దాటినచో విడువుడు. నడుమ నున్నచో కారు మీకు నిత్యము అన్నము పెట్టుచున్నదా, వాకిట నిలిచియున్నదా యని చూచుకొనుడు. తండ్రిగారు కొన్న బండి, పెండ్లినాటి బండి యను మమకారమును నేను పరిహసింపను. మమకారమునకు వెల చెల్లించుట తప్పు కాదు. ఎంత చెల్లించుచున్నామో ఎరుగక చెల్లించుటయే తప్పు.

చివరి మాట. మన యింట తెలుగు, బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, పాలసీలో ఇంగ్లీషు. అందుచేతనే చదువక సంతకము చేయు అలవాటు మనలో ముదిరినది. సర్వేయరు చూడక ముందు బండిని విప్పింపకుడు. ఆయన అంచనా ప్రతిని అడిగి తీసికొనుడు. అన్యాయమని తోచినచో ముందు కంపెనీకి వ్రాయుడు. నెలలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తి నీయకున్నను, ఏడాదిలోపు భీమా ఓంబుడ్సుమనుకు ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తమిళనాడువారికి చెన్నైలో, కర్ణాటకమువారికి బెంగుళూరులో, ఒడిశావారికి భువనేశ్వరములో, మహారాష్ట్రమువారికి ముంబయి, పుణేలలో ఆ కార్యాలయములు కలవు. యానామువారు పుదుచ్చేరివారైనను వారి ఫిర్యాదు పోవలసినది హైదరాబాదునకే.

మన సంఘమువారికి నా మనవి యొకటి. ఉగాదికి పంచాంగము చదివించుచున్నారు; సంతోషము. నెలకొక ఆదివారము ఒక గంట, ఇంగ్లీషెరిగిన యువకులిద్దరిని కూర్చుండబెట్టి సభ్యుల పాలసీలు చదివింపుడు. ఐ.డి.వి. ఎంత, బోనసెంత, పేరెవరిది—ఈ మూడు చూచిన చాలును. లేఖ వ్రాసిన సోదరుడు తన పాలసీతో మొదట రావలెనని కోరుచున్నాను. ఆయన కారు బాగుపడదగినదే యని లెక్కలో తేలినచో, ఆయనతో కలసి వర్కుషాపునకు నేనే పోయెదను.